తెలియక ముందటి సాయంత్రం

జనవరి 8

నాన్న పోయాక ఈరోజే మొదటిసారి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మ్యూనిక్‌లో మా పేటెంటు ఆఫీసులో కూర్చున్నాను. ఎవరూ ఏమీ అడగలేదు. నాతో పనిచేసే తోర్‌కిల్ మాత్రం దాల్చినచెక్క రొట్టె ఒకటి నా బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. డెన్మార్క్ వాళ్ళకు సంతాపం చెప్పడం రాదు, తినిపించడం వచ్చు.

కొత్త ఫైలు వచ్చింది. చేతులు వణికేవాళ్ళ కోసం ఒక కప్పు. దానికి రెండు గోడలు. మధ్యలో చిక్కటి నూనె. లోపలి గిన్నె ఆ నూనెలో తేలుతూ ఉంటుంది. చెయ్యి ఎంత వణికినా వణుకు నూనెలోనే అణగిపోతుంది, టీ దాకా పోదు. పేటెంటు కెంప్టెన్‌లో చిన్న కార్ఖానా నడుపుకునే రోస్‌విథా ఎడర్లే అనే ఆవిడది. దాన్ని రద్దు చేయమని కోరుతున్నది ఆసుపత్రులకు సామాను అమ్మే ఒక పెద్ద కంపెనీ. వాళ్ళ వాదన ఒక్కటే: ఇందులో కొత్త ఊహ ఏమీ లేదు. ఓడల్లో దిక్సూచి ఊగిపోకుండా దాన్ని తాతల కాలం నుంచీ ద్రవంలోనే ఉంచుతున్నారు. అది చూసినవాడు కప్పు చేయలేడా?

ఫైలు తెరిచిన కాసేపటికే తేలిపోయింది. దిక్సూచి, కప్పు. ఎవరికైనా తట్టేదే.

సాయంత్రం లియోబా ఫోన్ చేసింది. తీయలేదు.


జనవరి 9

లియోబా మీద నాకు కోపం లేదు. చెల్లెలి మీద కోపం ఉంటే దాని మొహం మీదే చెప్పేదాన్ని. ఇది కోపం కాదు, ఆశ్చర్యం. ఆ రాత్రి నాన్న సూపు తాగుతూ చెంచా జారవిడిచాడు. అది చూసింది. లియోబాను పట్టుకుని “అగాథా” అని అమ్మ పేరుతో పిలిచాడు. అది విన్నది. ఎప్పుడూ లేనిది పెందలాడే పడుకుంటానన్నాడు. వెళ్ళి పడుకోమన్నది. తెల్లారి చూస్తే కుడిపక్క అంతా పడిపోయి ఉంది. వారం తిరక్కుండా పోయాడు.

చెంచా, పేరు, నిద్ర. వీటిలో ఏ ఒక్కటి చూసినా ఇది పక్షవాతమేనేమో అని ఎవరికైనా తట్టి ఉండేది. అది సెలూన్‌లో రోజంతా మనుషుల తలలు చేతుల్లో పట్టుకునే మనిషి.

కోపం లేదు.


జనవరి 21

కప్పు కేసులో తొలి అభిప్రాయం రాసి పంపించాను. విచారణకు చాలా ముందే రెండు పక్షాలకూ ఇలాంటిది ఒకటి పంపడం మా పద్ధతి. పేటెంటు నిలబడేలా కనిపించడం లేదని రాశాను. రాస్తుంటే ఎక్కడా ఆగలేదు.

ఈ కేసు తేల్చేది ముగ్గురం. అధ్యక్షుడు ఓట్మార్ ష్ట్రీగెల్ గారు, నేను, తోర్‌కిల్. రాతపని నాది. ష్ట్రీగెల్ గారు చదివి తలూపారు. తోర్‌కిల్ చదివి, “ఈసారి ఎగాన్‌కి చెమట కూడా పట్టలేదే” అన్నాడు.

ఎగాన్ అనేది మా వృత్తిలో ఉన్న ఒక ఊహా మనిషికి తోర్‌కిల్ పెట్టిన పేరు. ఒక వస్తువు ఎవరికైనా తట్టేదా కాదా అని తేల్చేటప్పుడు మా బుర్రను అడగకూడదు. ఆ రంగంలో ఉండే మామూలు పనివాణ్ణి ఒకణ్ణి ఊహించుకుని అతన్ని అడగాలి. అతను లోకంలో అచ్చయిన ప్రతి కాగితమూ చదివి ఉంటాడు గాని, సొంతంగా ఒక్క కల కనడు. అన్నిటికన్నా ముఖ్యం, పేటెంటు దాఖలైన రోజు తర్వాత లోకంలో జరిగింది ఏదీ అతనికి తెలియకూడదు.

“పెళ్ళి కాలేదు పాపం, అందుకే అంత చదివాడు” అంటాడు తోర్‌కిల్.


మార్చి 2

ఆదివారం. ఫోన్ చాలాసేపు మోగి ఆగిపోయింది.


మే 16

మా ఊరు కోహెల్ నుంచి లియోబా పెట్టె పంపింది. నాన్న బూడిదరంగు ఉన్ని కోటు, మోచేతుల దగ్గర తోలు అతుకులు వేసింది. లోపల చీటీ లేదు. మంచిదైంది. ఉంటే చదవాల్సి వచ్చేది.

మధ్యాహ్నం భోజనాల గదిలో ష్ట్రీగెల్ గారు నా పక్కన కూర్చున్నారు. వాళ్ళ అమ్మగారు కూడా అలాగే పోయారట. “వెనక్కి తిరిగి చూస్తే అన్నీ సూచనలేనమ్మా. ఒక నెల ముందు నుంచీ కళ్ళ ముందే ఉన్నాయి. ఎలా చూడలేదో మేము” అన్నారు.

“అవునండీ, కళ్ళ ముందే ఉంటాయి” అన్నాను. బంగాళాదుంపలు చల్లారిపోయాయి.


సెప్టెంబర్ 14

ఈ వారంలోనే కప్పు విచారణ. ఎనిమిది నెలలుగా ముట్టుకోని ఫైలు. ఈ ఉదయం ఇంట్లో మళ్ళీ తెరిచాను.

కొత్తగా చేరే పిల్లలకు ఏటా నేను ఒక అభ్యాసం నేర్పుతాను. పేటెంటు కాగితాన్ని ఫైల్లోంచి తీసి పక్క గదిలో పెట్టండి. దానికి ముందు వచ్చిన కాగితాలన్నీ ఏళ్ళ వరుసలో పేర్చి, మొదటి దాని నుంచి చదువుకుంటూ రండి. చివరి కాగితం దగ్గర ఆగి, ఇక్కడి నుంచి మీరైతే ఎటు వెళ్తారో చెప్పండి. నేర్పడమే గాని నేను చేసి ఎన్నేళ్ళయిందో.

పేటెంటు తీసుకెళ్ళి వంటగదిలో పెట్టాను. మిగతావి హాల్లో నేల మీద, సోఫా కాళ్ళ దగ్గర నుంచి కిటికీ దాకా పరిచాను. మోకాళ్ళ మీద కూర్చుని చదివాను.

మొదటిది రెండు చెవుల కప్పు, లియోన్‌లో ఒక నర్సు చేసింది. తర్వాతివాడు అడుగున సీసం పోశాడు. బరువుంటే వణుకు తగ్గుతుందని. ఆ తర్వాతివాడు ఇంకా బరువు పెంచాడు. ఒకడు మూత పెట్టాడు, ఒకడు ముక్కు పెట్టాడు, ఒకడు కప్పును మణికట్టుకు పటకాతో కట్టేశాడు. ఇప్పుడు అభ్యంతరం పెట్టిన కంపెనీ కూడా ఒక కప్పు చేసింది. అది ఎంత బరువంటే, ముసలివాళ్ళ మణికట్లు నొప్పి పుడుతున్నాయని తర్వాతి కాగితంలో వాళ్ళే ఒప్పుకున్నారు. అదే కాగితంలో ఒక వాక్యం ఉంది. జనవరిలో నేను దాని మీదుగా వెళ్ళిపోయి ఉంటాను. “పాత్రలో కదిలే భాగం ఏదీ ఉండరాదు, కదిలేదంతా ఒలికేదే.”

అందరూ ఒకటే వైపు నడుస్తున్నారు. ఇంకా బరువు, ఇంకా బిగువు. కిటికీ దగ్గరికి వచ్చేసరికి నాకు ఎటు పోవాలో తోచలేదు. నిజంగా తోచలేదు. ఇంకాస్త బరువు పెంచుతానేమో. ఓడ, దిక్సూచి, సముద్రం నేల మీద ఎక్కడా లేవు. అవి వంటగదిలో ఉన్నాయి. కప్పు చూసినవాడు వెనక్కి నడిచి వెతికితేనే దొరికాయి. పొడుపుకథ విప్పి చెప్పాక పిల్లలు “ఓ, ఇదేనా, నాకు తెలుసు” అంటారే, జనవరిలో నేను రాసింది అదే.

తొలి అభిప్రాయం తప్పు. విచారణలో చెప్పాలి.

సాయంత్రం ఫోన్. లియోబా. మోగుతున్నంతసేపూ దాని ముందే నిలబడ్డాను.

నాన్న సంగతి వేరు. అది వేరు.


సెప్టెంబర్ 18

విచారణ అయింది. జరిగింది జరిగినట్టు రాయాలి. తలుపులు మూసుకుని ముగ్గురం మాట్లాడుకున్నది బయట చెప్పకూడదని నియమం. అందుకే ఇక్కడ. నిజానికి ఇక్కడా రాయకూడదు.

ఎడర్లే నేను ఊహించుకున్న మనిషి కాదు. పొట్టి జుట్టు, ఎర్ర ఫ్రేము కళ్ళజోడు, అరవై దగ్గర పడ్డ మనిషి. తన కప్పు గుడ్డలో చుట్టి తెచ్చింది. మీరు చూస్తారా అని అడిగింది. కంపెనీ లాయరు డాక్టర్ ఫియెబిగ్ అభ్యంతరం చెబుతాడనుకున్నాను. “తప్పకుండా చూడండి, అందరూ చూడండి” అన్నాడు నవ్వుతూ. అతని తెలివి నాకు తర్వాత అర్థమైంది.

అంచు దాకా నీళ్ళు పోసిచ్చింది. ష్ట్రీగెల్ గారు పట్టుకుని చెయ్యి వణికించారు. కప్పు వణుకుతోంది, లోపలి నీళ్ళు మాత్రం చెరువులా ఉన్నాయి. ఆయన మొహంలో ముందు చిన్నపిల్లాడి సంతోషం వచ్చింది, ఆ వెంటనే “అంతేకదా” అనే చూపు వచ్చింది. రెండిటికీ మధ్య రెప్పపాటు కూడా లేదు. నా వంతు వచ్చింది. పట్టుకోగానే ఇది నాకు ఎప్పటి నుంచో తెలిసినట్టే అనిపించింది. గబుక్కున తోర్‌కిల్‌కి ఇచ్చేశాను.

“ఈ ఆలోచన మీకు ఎలా వచ్చిందమ్మా?” అని ష్ట్రీగెల్ గారు అడిగారు. అడగాల్సిన ప్రశ్న కాదు.

“చాలా ఆలస్యంగా వచ్చిందండీ” అంది ఎడర్లే. “మా అమ్మకు చేతులు వణికేవి. నేను మొదట చేసినవన్నీ బరువు కప్పులే. ఒకటి కాదు, అల్మారా నిండా ఉన్నాయి. అమ్మ ప్రతిదీ పట్టుకుని చూసి, ‘ఇది కప్పా, ఇస్త్రీపెట్టెనా’ అనేది. ఆమె పోయిన రెండేళ్ళకు ఇది వచ్చింది. దీంతో ఒక్క గుక్క కూడా తాగలేదు. నాకు ఒకటే అడగాలని ఉంది. ఇది ఎవరికైనా తట్టేదే అయితే, అన్నేళ్ళు నేను ఏం చేస్తున్నట్టు?”

గదిలో కొందరు నవ్వారు. ఫియెబిగ్ లేచి, “శ్రీమతి ఎడర్లే బాధ మాకు అర్థమైంది. కానీ తనకు ఆలస్యంగా తట్టిందన్నది సాక్ష్యం కాదు కదా” అన్నాడు. మర్యాదగానే అన్నాడు. చట్టం ప్రకారం నిజమే కూడా.

తర్వాత ముగ్గురం పక్క గదిలో కూర్చున్నాం.

“నాకు చాలా నచ్చింది” అన్నారు ష్ట్రీగెల్ గారు. “అదే చిక్కు. ఇంత తేలికైనది ఎవరికీ తట్టకుండా ఎలా ఉంటుంది?”

“తట్టలేదు కదండీ. ఫైలు నిండా ఉన్నది అదే. డబ్బూ మనుషులూ ఉన్న కంపెనీ కూడా సీసం మీద సీసం పోసింది. కదిలేది పెట్టొద్దని రాసింది కూడా వాళ్ళే.”

“తట్టలేదు అనడం వేరు, తట్టదు అనడం వేరు.”

“మన ప్రశ్న పనివాడు చేయగలడా అని కాదు, చేసి ఉండేవాడా అని. చేయగలగడానికేం, దారి చూపిస్తే ఎవరైనా నడుస్తారు. కప్పులు చేసుకునే ఎగాన్‌కి ఓడ ఎక్కాల్సిన అవసరం ఏమొచ్చింది?”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత నా జనవరి కాగితం ముందుకు లాగి, చదివారు. “‘వణుకును అణచాలనుకునే నిపుణుడు సహజంగానే దిక్సూచి వైపు చూస్తాడు.’ ఇది మీ వాక్యమే, వాల్‌బుర్గా. దీనికన్నా బాగా నేను చెప్పలేను.”

“అది రాసేటప్పుడు నాకు కప్పు తెలుసండీ. తెలిశాక రాశాను. అదే తప్పు.”

“మనందరికీ తెలుసు. తెలియనట్టు నటించమంటారా?”

“జీతం ఇచ్చేది అందుకే కదండీ.”

ఆయనకు ఆ మాట నచ్చలేదు. తోర్‌కిల్ వైపు తిరిగారు. తోర్‌కిల్ పెన్ను తిప్పుతున్నాడు.

“నేను మధ్యలో ఉన్నాను” అన్నాడు. “ఓడ సంగతి వదిలేద్దాం. గట్టిగా కొట్టుకోకుండా తలుపు మెల్లగా మూసుకోవడానికి పైన గొట్టం ఉంటుందే, అందులోనూ నూనే. ఎగాన్ ఓడ ఎక్కకపోవచ్చు, వర్క్‌షాపు తలుపు తీసుకుని లోపలికైతే రావాలిగా?”

“ఆ తలుపు ఎన్నేళ్ళుగా మూసుకుంటోంది తోర్‌కిల్? సీసం పోసిన వాళ్ళందరూ ఆ తలుపులోంచే వచ్చారు, ఆ తలుపులోంచే పోయారు.”

“అదీ నిజమే” అన్నాడు. మళ్ళీ పెన్ను తిప్పాడు. “కానీ ఒకసారి చూశాక చూడనట్టు ఉండటం నావల్ల కావడం లేదు. క్షమించు.”

ఇద్దరు ఒకవైపు, నేను ఒకదాన్ని ఒకవైపు. పేటెంటు రద్దు. హాల్లోకి వచ్చి ష్ట్రీగెల్ గారు చదివి వినిపించారు. ఎవరు ఎటున్నారో బయటికి తెలియదు. ముగ్గురిదీ ఒకే మాట అన్నట్టు ఉంటుంది. రాయాల్సింది నేను. ఓడిన అభిప్రాయం నాదైనా సరే, తీర్పు రాసేది నేనే.

ఎడర్లే ఏడవలేదు. బల్ల మీద ఒలికిన నీళ్ళు తన రుమాలుతో తుడిచింది. కప్పులోంచి కాదు, కూజాలోంచి ఒలికినవి. కోట్లు తగిలించే చోట నేను ఎదురుపడ్డాను. ఆమె లాయరు ఆపేలోపే అడిగింది.

“తీర్పు రాసేది మీరేనట కదా?”

“అవునండీ.”

“అయితే నాకు అర్థమయ్యేట్టు రాయండి. నాకు అంతకాలం తట్టనిది అందరికీ ఎలా తట్టేదో.”

మూసిన గదిలో మాటను నేను దాటలేను. “ప్రయత్నిస్తాను” అన్నాను. నేను ఆమెకు ఎదురు నిలబడ్డదాన్ని అనుకునే వెళ్ళిపోయింది.


సెప్టెంబర్ 19

సెలవు పెట్టాను. ఏమీ చేయలేదు.


అక్టోబర్ 6

తీర్పు మొదలుపెట్టాను. రెండు వాక్యాలు రాసి కొట్టేశాను.


అక్టోబర్ 7

మళ్ళీ అదే.

తోర్‌కిల్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. “నేను రాయనా? నాది కదా ఆ ఓటు.”

“వద్దు. నువ్వు రాస్తే పై బెంచీ నవ్వుతుంది.”

“అదే కదా నీకు కావాల్సింది?”

తల ఎత్తి చూశాను. అతను తమాషాకు అనలేదు. చెడగొట్టి రాయొచ్చు అని చెబుతున్నాడు. అక్కడక్కడా వదులుగా రాస్తే అప్పీలులో ఇట్టే విరిగిపోతుంది, ఎవరికీ అనుమానం రాదు.

ఒక్క క్షణం ఆలోచించాను. ఒక్క క్షణం కన్నా ఎక్కువే. “బాగానే రాస్తాను” అన్నాను.

“ఎందుకు?”

“అర్థమయ్యేట్టు రాయమంది ఆవిడ.”


అక్టోబర్ 10

ఈరోజు రాత దానంతట అదే సాగింది. పనివాడి ముందున్న సమస్య ఇది. కాబట్టి వణుకును అణిచే సాధనాల కోసం వెతుకుతాడు. అందుచేత ఇతర రంగాల వైపు చూస్తాడు. సహజంగానే దిక్సూచి కనిపిస్తుంది. ఒక్కో మెట్టూ పక్క మెట్టుకు అతుక్కుపోతోంది. ‘కాబట్టి’, ‘అందుచేత’, ‘సహజంగానే’. ఈ మూడు మాటలు చేతిలో ఉంటే ఏ గమ్యం నుంచైనా ఎంత వెనక్కైనా మెట్లు కట్టుకుంటూ పోవచ్చు. కదిలేది పెట్టొద్దన్న ఆ వాక్యానికి కూడా చోటు చూపించాను: ‘ఈ ఒక్క హెచ్చరిక నిపుణుణ్ణి వెనక్కి లాగేంత బలమైనది కాదు.’ చక్కటి వాక్యం.

సాయంత్రం మొదటి నుంచి చదివాను. నమ్మకం కలిగింది. నాకే. ఎడర్లేకు ఇది ముందే తట్టి ఉండాల్సిందని, ఆమె కాస్త మందమేమోనని అనిపించింది. వాళ్ళమ్మ చూస్తుండగా అల్మారా నిండా ఇస్త్రీపెట్టెలు చేసిన మనిషిని నేను మందం అనుకున్నాను.

ఇంత పకడ్బందీ తీర్పు ఇంతకుముందు ఒక్కసారే ఇచ్చాను. అది రాసింది కాదు. ఆసుపత్రి వసారాలో నోటితో చెప్పింది. చెంచా, కాబట్టి. పేరు, అందుచేత. నిద్ర, సహజంగానే. “ఎవరికైనా తెలుస్తుంది లియోబా.” అది గోడకు ఆనుకుని నిలబడి ఉంది. చేతుల్లో నాన్న చెప్పులు పట్టుకుని ఉంది. ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పకపోతే ఒప్పుకున్నట్టే అని లెక్క వేసుకున్నాను.

మూసిన గదిలో ఎడర్లే తరఫున నేనొక్కదాన్నైనా మాట్లాడాను.


అక్టోబర్ 24

తీర్పు పంపించాం. ముగ్గురి సంతకాలు. అప్పీలుకు వెళ్తామని ఎడర్లే లాయరు కబురు చేశాడట. వెళ్ళాలి. ఏళ్ళు పడుతుంది. గెలుస్తుందో లేదో నాకు తెలియదు. నేను బాగా రాశాను.


అక్టోబర్ 30

లియోబాకు నేనే ఫోన్ చేశాను. “శనివారం వస్తున్నాను, నాన్న దగ్గరికి.”

“రా” అంది. “సమాధుల పండగకు రావడానికి చెప్పి రావాలా?”


నవంబర్ 1

కోహెల్. నాన్న పాత గదిలో కూర్చుని రాస్తున్నాను. ఇంకా వెలుతురుంది. సరస్సు మీద మంచు దిగుతోంది. కింద లియోబా గిన్నెలు సర్దుతున్న చప్పుడు.

శ్మశానంలో ఊరంతా ఉంది. ఫాదర్ ఒక్కో సమాధి మీదా తీర్థం చల్లుకుంటూ వచ్చారు. లియోబా నన్ను చూసి తల పంకించింది, పక్కకు జరిగి చోటిచ్చింది. పది నెలల తర్వాత ఎదురుగా అన్న మొదటి మాట ఇది: “జుట్టు ఎవరు కత్తిరించారు? పగవాళ్ళా?”

“మ్యూనిక్‌లో.”

“అదే అంటున్నా.”

ఇంటికొచ్చాక కాలేయం ఉండల సూపు వడ్డించింది. ఎదురెదురుగా కూర్చున్నాం. అది చాలా చిక్కిపోయింది. నేను చెంచా ముంచి, తీసి, మళ్ళీ పెట్టాను.

“ఆ సాయంత్రం ఏం జరిగిందో చెప్పు” అన్నాను. “మొదటి నుంచి.”

“నీకు తెలుసుగా. నువ్వే కదా నాకు చెప్పింది.”

“నాకు చివర తెలుసు. మొదలు తెలియదు.”

అది నన్ను తేరిపార చూసింది. “బుర్గీ, నువ్వు నన్ను క్షమించడానికి వచ్చావా? అయితే సూపు తాగి బయల్దేరు. నాకు తెలియనిదానికి నాకు ఎవరి క్షమా అక్కర్లేదు.”

“వినడానికి వచ్చాను.”

“విని?”

“విని ఊరుకుంటాను.”

తన గిన్నె పక్కకు జరిపింది. తర్వాత చెప్పింది. నా వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ చెప్పింది.

“మంగళవారం. పొద్దున్నుంచీ కట్టెలు కొట్టాడు. వద్దంటే వింటాడా? చలికాలానికి చాలవంటాడు. మధ్యాహ్నం సెలూన్‌కి వచ్చి జుట్టు ఆరబెట్టే మిషను బాగుచేశాడు. గోరంత మర, కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా బిగించాడు. శ్రీమతి లాంపెర్ట్‌కి నేను రంగు వేస్తుంటే, ‘ఈ రంగేసుకుని ఎవర్ని మోసం చేద్దామని’ అని ఆటపట్టించాడు. ఆవిడ పడీపడీ నవ్వింది. ఇంటికొచ్చాం. నేను ఉల్లిపాయలు మాడ్చాను. ‘అగాథా, ఇల్లు తగలబెడతావా’ అన్నాడు. అమ్మ పోయినప్పటి నుంచీ ఉల్లిపాయలు మాడినప్పుడల్లా నేను అగాథానే. నువ్వు ఇంట్లో ఉంటే కదా తెలిసేది.”

నేను తలూపాను.

“సూపు రెండోసారి వేయించుకున్నాడు. పిల్లి ఒళ్ళోకి దూకింది, చెంచా పడింది. పిల్లిని తిట్టి, వంగి తనే తీసుకున్నాడు. ఆ తర్వాత పేకాడాం. నన్ను చిత్తుగా ఓడించాడు. ‘చదువు అక్కకెళ్ళింది, అందం నీకొచ్చింది, పేక మాత్రం నాతోనే పోతుంది’ అన్నాడు. ఎప్పుడూ అనేదే. కట్టెలు కొట్టి నడుం పట్టేసింది, పడుకుంటానన్నాడు. కట్టెలు కొట్టిన మనిషి పెందలాడే పడుకోడా?”

“అప్పుడు నీకు...” అన్నాను. ఆపేశాను. అది ఆగి, నేను పూర్తి చేస్తానేమోనని చూసింది. “చెప్పు” అన్నాను.

“మెట్ల మీద సగం ఎక్కి ఆగాడు. వెనక్కి తిరిగాడు. ఏదో చెప్పబోతున్నట్టు నిలబడ్డాడు. ఏంటి నాన్నా అన్నా. ‘రేపు పాత కాగితాలు ఎత్తుకెళ్ళే బండి వస్తుంది, డబ్బా బయట పెట్టు, పోయినసారి మర్చిపోయావు’ అన్నాడు. అంతే. పైకెళ్ళిపోయాడు. ఆయన నాతో అన్న ఆఖరి మాట అదే.”

సూపు మీద మీగడలా కొవ్వు గడ్డకడుతోంది. ఇద్దరం దాన్నే చూస్తున్నాం.

“నీకు చెప్పనిది ఒకటుంది” అంది. “ఎవరికీ చెప్పలేదు. పొద్దున లేచాను. పైన చప్పుడు లేదు. ఎప్పుడూ నాకన్నా ముందే లేస్తాడు. వెళ్ళి చూడాలనిపించింది. కానీ బండి చప్పుడు వినబడింది. ముందు వెళ్ళి డబ్బా బయట పెట్టాను బుర్గీ. అందులోంచి అట్టలు పడిపోయాయి, ఏరి మళ్ళీ సర్దాను. పక్కింటివాళ్ళతో మాట్లాడాను. వాన గురించి. ఆ తర్వాతే పైకెళ్ళాను. ఆయన కళ్ళు తెరుచుకునే ఉన్నాడు. ఎంతసేపటి నుంచి అలా తలుపు వైపు చూస్తున్నాడో. నువ్వు వసారాలో చెంచా అన్నావు, పేరు అన్నావు, నిద్ర అన్నావు. డబ్బా సంగతి నీకు తెలియదు కాబట్టి అనలేదు. తెలిస్తే అదే ముందు అనేదానివి. రోజూ నాకు నేనే అనుకుంటున్నాను.”

అది బల్ల అంచును రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. నా కోసం ఎదురుచూస్తోంది. తీర్పు కోసం. ఈ ఏడాదంతా ఆదివారాలు ఫోన్ చేసింది దీని కోసమే అయి ఉంటుంది, నేను తీయలేదు.

ఆ ఉదయాన్ని నేను మొదటి నుంచి చూడటానికి ప్రయత్నించాను. పైన ఏముందో తెలియని మనిషి. వీధిలో బండి. రాత్రి నాన్న చెప్పిన మాట.

“డబ్బా బయట పెట్టమన్నాడు” అన్నాను. “పెట్టావు.”

“మళ్ళీ అను” అంది.

మళ్ళీ అన్నాను.